కోచ్ గీసిన గీత

అమెరికాలో ఒక చిన్న కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ వెండెల్ ఓస్బర్న్ ఇరవై ఆరేళ్లుగా మైదానంలో గీతలు తానే గీస్తాడు. దారం కట్టుకోమంటే, "నా కన్ను చాలు" అంటాడు. టోపీ వెనక్కి తిప్పి, అవతలి కంచె గుంజ మీద చూపు నిలిపి రంగుబండి తోస్తాడు. ఈ శనివారం కూడా ఓడితే ఉద్యోగం ఉండదని కాలేజీవాళ్లు ముందే చెప్పారు. ఆఖరి నిమిషంలో అతని ఆటగాడొకడు బంతిని చంకలో అదుముకుని పరుగెత్తి గోల్ గీత మీద పడ్డాడు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి గీతకు తగిలితే చాలు. గెలిచారన్నట్టు రెఫరీ చేతులెత్తాడు.

"ఏమోయ్ వెండెల్, తాగి గీశావా? గీత జానెడు ముందుకొచ్చింది!" అని అరిచాడు అవతలి కోచ్.

వెండెల్ మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. "నిజమే, వంకరే. తిన్నగా గీసుంటే బంతి దానికి తగిలేది కాదు" అన్నాడు రెఫరీతో.

"గీసిన గీతే గీత, కోచ్. ఇక లే" అన్నాడు రెఫరీ.

ఉద్యోగం నిలిచింది. సోమవారం పొద్దున్నే వెండెల్ మైదానంలో కనిపించాడు, చేతిలో దారపుండతో.