లిమ్ అంకుల్ పెట్టే కామా

సింగపూర్ వచ్చిన కొత్తలో బూన్ లే అనే పేటలో ఒక గదిలో ఒక్కదాన్నే అద్దెకుంటూ, జురాంగ్ ఐలాండ్‌లోని ఒక ప్లాంట్‌లో సేఫ్టీ మాన్యువల్స్ రాసేదాన్ని. వాటిని దిద్దేది పక్క సీటు లిమ్ అంకుల్. నేను ఇంగ్లీషులో 'గ్లోవ్స్, గాగుల్స్ అండ్ హెల్మెట్' అని రాస్తే, ఆయన 'అండ్' ముందు ఎర్ర పెన్నుతో కామా పెట్టేవారు. నేను తీసేసేదాన్ని.

"కామా మస్ట్ హావ్ లా!" అనేవారు తన సింగపూర్ యాస ఇంగ్లీషులో.

"అక్కర్లేదంటే వినరేం అంకుల్!"

రోజూ ఇదే గొడవ. రోజు మొత్తంలో నేను నోరు విప్పేది ఆ కాసేపే.

ఆయన రిటైరయ్యారు. మర్నాడు, ఆయన బదులు దిద్దాల్సిన కొత్త మేనేజర్ దగ్గర్నుంచి నా మాన్యువల్ ఒక్క ఎర్ర గీతైనా లేకుండా తిరిగొచ్చింది. గెలిచానని నవ్వబోయి, ఆఫీసులో అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చేశాను.

"ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా?" అని మేనేజర్ కంగారుపడ్డాడు.

"కామా పెట్టలేదు" అన్నాను.

అతను కాగితం వంకా, నా వంకా చూసి, "పెట్టాలా?" అని మెల్లగా అడిగాడు.

ఇప్పుడు ఆ కామా నేనే పెడుతున్నాను. అక్కర్లేదని పోట్లాడేవాళ్ళే లేరు.