ఆళ్లగడ్డలో దిగగానే వచ్చే కుంటు

ఇన్నేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఆ అబద్ధం మా ఇంట్లో ఎవరినీ ఏడిపించలేదు. అందరినీ నవ్వించింది. అయినా నన్ను వదల్లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. నేను నంద్యాలలో హాస్టల్లో ఉండి స్కూల్ ఫైనల్ చదువుతున్నాను. చెడుగుడు ఆడుతూ పడితే మోకాలు దెబ్బతింది. ఆసుపత్రిలో కట్టు విప్పాక, మద్రాసులో పని నేర్చుకొచ్చిన ఒక సిస్టరమ్మ రోజూ నా కాలు వంచి, చాపి కసరత్తు చేయించేది.

ఆ గదిలో నేను చూసినవి ఇంకెక్కడా చూడలేదు. చెయ్యి పైకి లేవని జట్కా సాయిబు ఒకరోజు తన తలపాగా తనే చుట్టుకున్నాడు. జ్వరంతో కాళ్లు చచ్చుబడిన పిల్ల గోడ వదిలి సిస్టరమ్మ దగ్గరికి నడిస్తే, వాళ్లమ్మ కన్నా నేనే గట్టిగా అరిచాను. మందు లేదు, సూది లేదు. వట్టి చేతులు! నా కాలు బాగయ్యాక కూడా బడి వదలగానే అక్కడికే పరుగెత్తేవాణ్ణి, సిస్టరమ్మకు సాయం చేస్తూ నేర్చుకోవడానికి.

చిక్కల్లా ఇంటి దగ్గరే. కాలు కుదిరితే పరీక్షలయ్యాక మడక పట్టి చేను దున్నాలన్నాడు నాయన. అందుకని నంద్యాలలో పరుగెత్తేవాణ్ణి, ఆళ్లగడ్డలో బస్సు దిగగానే కుంటేవాణ్ణి. ఈ పని నేర్చుకుంటానని నేరుగా ఎందుకు అడగలేకపోయాను? భయమా, తెలివి ఎక్కువై చేసిన పనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఒక సెలవు రోజున అమ్మ నన్ను అహోబిలం తీసుకుపోయింది. నా కాలు బాగవ్వాలని మొక్కుకుందట. కొబ్బరికాయ కొడుతుందనుకున్నాను. ఆమె పోయి మంగలి ముందు కూర్చుని జుట్టు విప్పింది. కూర్చుంటే నేలను తాకే జుట్టు. మా వీధి ఆడవాళ్లు అది దువ్వడానికి పోటీ పడేవాళ్లు.

"అమ్మా, ఏందీ ఇది? వద్దు!"

"గమ్మునుండ్రా. జుట్టు మళ్లా వస్తాది. కాలు వస్తాదా?"

"నా కాలు బాగుండాది మా. నిజంగా."

"నాకోసరం అబద్ధాలు చెప్పొద్దులే నాయనా," అని నవ్వింది.

ఇంకొక్క మాట చెప్పాల్సింది. ఎప్పుడో బాగైందనీ, కుంటేదంతా నాటకమనీ. కత్తి పని కత్తి చేసుకుపోయింది.

గుండుకు గంధం పూసుకుని వచ్చి, "నున్నగుండాదా?" అని పసిపిల్లలా తల వంచి చూపించింది. ఇక కుంటడం నా వల్ల కాలేదు. తిన్నగా నడిచి మెట్లు దిగాను. అమ్మ కేక పెట్టింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి నా మోకాలు తాకి కళ్లకద్దుకున్నారు.

ఊరంతా పండగ. "దేవుడిచ్చిన కాలప్పా, దీన్ని మడక ఎనక తిప్పేదెందుకు? నీకేం కావల్లో చదువుకో పో," అన్నాడు నాయన. అప్పుడు చెప్పాను, ఫిజియోథెరపీ అని. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. అయినా బొంబాయి పంపారు.

ఎందరినో నిలబెట్టాను. ప్రతిసారీ ఆ మొదటి రోజుల్లాగే అరవాలనిపించేంత ఆనందం. అమ్మ మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ కొండమీద జరిగింది చెప్పేది. నేను తల దించుకునేవాణ్ణి. భక్తి అనుకునేవాళ్లు.

జుట్టు మళ్లీ వచ్చింది, భుజాలు దాటలేదు. ఆమె ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ఆఖరి రోజుల్లో ఆమె మోకాళ్లకు నేనే కసరత్తు చేయించాను. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచి, "ఇంకొంచెం వంచమ్మా" అని ఊరుకున్నాను. ఆమె సంతోషం కాపాడానా, నన్ను నేను కాపాడుకున్నానా?

క్షమించమని అడగాల్సిన మనిషి లేదు. మిమ్మల్ని అడగడం లేదు. చెప్పాను, అంతే. ఏడుస్తూ రాస్తాననుకున్నాను గానీ, రాసినంతసేపూ అమ్మ మొహమే కనబడి నవ్వొస్తూ ఉంది.