గవిగుట్ట దోవ, చౌడమ్మ కంప

మొదట వినిపించింది గీరుడు. బండ మీద ఎవరో ఏదో ఈడుస్తున్నారు. ఎండిన ముళ్ళు రాతిని గోకుతూ వచ్చి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ గోకుతున్నాయి. గుట్టంతా ఒక పలక అయినట్టు, దాని మీద ఎవరో గుప్పెడు బలపాలతో ఒకే గీత గీస్తున్నట్టు. శబ్దం వెనక దుమ్ము వచ్చింది. దుమ్ములోంచి ముందు ఒక వీపు వచ్చింది. మనిషి వెనక్కి నడుస్తోంది. చేతులకు గోనెపట్ట చుట్టుకుని, తనకు రెండింతలున్న సర్కారుతుమ్మ కొమ్మను లాక్కొస్తోంది.

"పక్కకు జరుగప్పా," అంది నాతో, తిరక్కుండానే. "దీనికి సుట్టాలూ పక్కాలూ లేరు. ఎవురినైనా గీరతాది."

ఆమె పేరు చౌడమ్మ. కొత్తచెరువు దాటి బస్సు దిగి, చేలగట్ల మీద నడిస్తే తుమ్మలకుంటపల్లి. ఊరి వెనక గవిగుట్ట. కొన మీద చిన్న గవి, అంటే గుహ, ఉంది గనక ఆ పేరు. ఒకప్పుడు ఇది బోడిగుట్ట. తునికి, ఊడుగ, బిక్కి చెట్లు, అన్నీ ఊరి పొయ్యిల్లోకి పోయాక మిగిలింది రాయి, రాయి మీద ఎండ. చౌడమ్మ బెంగుళూరులో మట్టి మోసి తిరిగొచ్చిన ఏడాది ఆడవాళ్ళు కలిసి అడవి సంఘం పెట్టుకున్నారు. మేకలకు తూర్పు వైపు వదిలారు. మిగతా గుట్టకు వంతులేసుకుని కాపలా కాశారు. పేడ ఉండల్లో సీతాఫలం గింజలు దాచి రాళ్ళ సందుల్లో పెట్టారు. కొన్నేళ్ళకు, ముసలివాడి తలలో నల్ల వెంట్రుక మొలిచినట్టు, గుట్ట మీద పచ్చదనం కనబడింది. మొదట ఎవరూ నమ్మలేదు.

పచ్చదనం వెనకే మనుషులు వచ్చారు. గవి నుంచి పొద్దు చూడాలని పట్నం పిల్లలు ఇష్టం వచ్చినట్టు ఎక్కి, మొలకలు తొక్కేవారు. అందుకని సంఘం ఒక కాలిదోవ వేసింది. అందరూ దానిలోనే నడవాలి. రాళ్ళు దొర్లించి మెట్లు పేర్చారు. వాన నీళ్ళు కోసుకుపోకుండా అడ్డంగా కట్టలు వేశారు. దోవ పక్కన మొక్కలు పెట్టారు. మరి మొక్కల్ని మేకల నుంచి కాపాడేదెలా?

ఈ నేల మీద దేన్నయినా కాపాడాలంటే ముందు గుర్తొచ్చేది కంప. శనక్కాయ చేనుకు కంప. గడ్డివాముకు కంప. దూడను కట్టిన చోట కంప. ముళ్ళ వెనక ఉన్నదే మనది. "చేనుకు కొట్టినట్టే దోవకూ కొడదాం" అన్నది చౌడమ్మే. కింది నుంచి గవి దాకా, మట్టి మీదా బండ మీదా, దోవకు రెండు పక్కలా ఎండు కంప పరిచారు. మధ్యలో వంక దాటే చోట మాత్రం వదిలేశారు, వాన వస్తే కొట్టుకుపోతుందని.

ఆ ఊళ్ళో ఇంకో అలవాటు ఉంది. వైశాఖంలో ఒక్క వానయినా పడకపోతే గుట్ట పడమటి మూలన బోదగడ్డికి నిప్పు పెడతారు. ఆ పొగ చూసి మబ్బు దిగుతుందని నమ్మకం. పెట్టే హక్కు చౌడమ్మ పుట్టింటిది. చిన్నప్పుడు నాయన ముందు నడుస్తుంటే వెనక పెంకులో నిప్పులు మోసింది ఆమే. నాయన పోయాక ఆ పని అన్న ఆదెప్పకు వచ్చింది. అడవి సంఘం వచ్చినా ఎవరూ దాన్ని కాదనలేదు. ఎందుకంటే పెట్టిన ప్రతి ఏడూ మంట ఆ మూల గడ్డి తిని, బండల దగ్గరికి వచ్చి, ఆకలితో చచ్చేది.

పోయిన వైశాఖంలో చావలేదు. బండల మీద దానికి కంప దొరికింది. దోవకు అటూ ఇటూ రెండు ఒత్తులు అంటుకున్నట్టు మంట పైకి పరుగెత్తింది. ఊరంతా పచ్చికొమ్మలతో బాదింది. ఆదెప్ప అందరికంటే ముందు నిలబడి బాదాడు, కనుబొమలు కాలేదాకా. వంక దగ్గర కంప లేదు. అక్కడ మంట ఆగింది. కింది సగం బూడిద.

"కౌజుపిట్ట గుడ్ల మీద్నే కూసోని కాలిపోయిండాది," అంది చౌడమ్మ. "ఎగిరిపోవచ్చు గదా? పోలా." తర్వాత చాలాసేపు అరచేతిలో ముల్లు వెతుక్కుంది.

వంక పైన సగం ఇంకా పచ్చగా ఉంది. దోవకు రెండు వైపులా ఇంకా కంప ఉంది. వైశాఖం మళ్ళీ వచ్చింది, వాన రాలేదు. ఇంకోసారి కాలితే దోవ మూసేసి, గుట్టను సంఘం చేతుల్లోంచి తీసేసుకుంటామని అడవి గార్డు చెప్పి పోయాడు. అందుకే ఆమె కంప పీకుతోంది. ఒక్కతే. పీకినదాన్ని గుట్ట మొదట్లో, గడ్డి పరక కూడా లేని పెద్దబండ మీద కుప్ప వేస్తోంది.

ఒక్కతే ఎందుకో మధ్యాహ్నం సువార్త వచ్చినప్పుడు అర్థమైంది. సంఘానికి పెద్ద సువార్త. నెత్తిన నీళ్ళబిందె దించకుండానే మొదలుపెట్టింది.

"పెట్టమన్యదీ నువ్వే, పీకతాండేదీ నువ్వే. మా చేతుల్లో దిగిన ముండ్లకు ఎవురు జవాబు చెప్పల్ల చౌడక్కా? కంప తీస్తే రేపు మేకలు పడతాయి. మొక్కలన్నీ నున్నగా మేసిపోతాయి."

"మేసిన మొక్క మళ్ళా ఇగురేస్తాది. కాలింది ఏస్తాదా?"

"అయితే గార్డు సారుకు మీ అన్న పేరు చెప్పు. రెండు దినాలు స్టేషన్‌లో కూసోబెడితే అగ్గిపెట్టె మర్సిపోతాడు."

చౌడమ్మ ఆమె నెత్తి మీది బిందె దించి, వంచుకుని నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. "అగ్గి పెట్టింది మా యన్న. దాన్ని ఎత్తుకోని పైకి పోయింది నా కంప. చెప్తే రెండు పేర్లూ చెప్పల్ల. రాయించు పో, ఇద్దురం ఒగే బండి ఎక్కి పోతాము."

సువార్త నవ్వాపుకోబోయింది, ఆగలేదు. "మీ ఇద్దురికీ కూడు ఎవురు తెస్తారు మళ్ళా? నేనే తేవల్ల," అని బిందె అక్కడే వదిలి దిగిపోయింది.

సాయంత్రం ఆదెప్ప మేకల్ని తోలుకుంటూ పెద్దబండ దగ్గరికి వచ్చాడు. ఏడాదిగా అన్నాచెల్లెళ్ళకు సరిగ్గా మాటల్లేవు. ఆయన కనుబొమలు సగమే మొలిచాయి. కుప్పను చూశాడు, చెల్లెలి చేతులు చూశాడు.

"ఏమ్మే చౌడీ, గుట్టకు గుండు కొడతాండావా?"

"సగం నువ్వు కొడితివి గదన్నా. ఒగపక్కే ఉంటే బాగుండదని."

ఆయన బండ అంచున కూర్చున్నాడు. పడమటి ఆకాశం కాలిన పెనంలా ఎర్రగా, ఖాళీగా ఉంది. "విత్తనానికి శనక్కాయలు ఒలిచి పెట్టుకోనుండాను. సోమారం పొగ పెట్టల్ల మే. ఊరోళ్ళు అడగతాండారు. నాయన ఏ పొద్దూ తప్పలేదు."

"నాయన కాలంలో గుట్ట మీద ఏముండ్యా, కాలేకి?"

 చౌడమ్మ కంపకుప్ప వైపు చెయ్యి చూపింది. "నీకు కావల్సింది పొగే గదన్నా? గడ్డి ఎందుకు, ఇదో, దీనికి పెట్టు. నీ చేత్తోనే పెట్టు. పెంకు నేను మోస్తా."

ఆ పొగ చూసే పోదామని నేనూ ఊళ్ళోనే ఆగిపోయాను. సోమవారం పొద్దున్నే ఆమె నిజంగానే పెంకులో నిప్పులు తెచ్చింది. ఆదెప్ప ముందు, ఆమె వెనక. ఊళ్ళోంచి కొందరు వచ్చి దూరంగా నిలబడ్డారు. సువార్త పచ్చి వేపకొమ్మ నీళ్ళలో ముంచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, దోవ మొదట్లో కాపు కాసింది. కంప ఒక్కసారిగా అంటుకుంది. లోపల ముళ్ళు పిట్టల్లా చిటచిటలాడాయి. పొగ నిటారుగా లేచి, గుట్ట పక్కన ఇంకో గుట్టలా నిలబడి, మెల్లగా కరిగింది. అందరూ పైకి చూశారు. ఆకాశం నీలంగా ఉంది. అంతే, నీలంగా.

"ఇది కొండ పొగ కాదు మే," అన్నాడు ఆదెప్ప చివరికి. "కంప పొగ. మబ్బుకు తెలుస్తాది."

"మబ్బుకు అంత తెలివే ఉంటే ఇన్నేండ్లు మనల్ని ఇట్ల పెట్టునా అన్నా?"

ఆయన నవ్వబోయి దగ్గాడు. అగ్గిపెట్టె మొలకు దోపుకున్నాడు. పారేయలేదు, ఆమెకు ఇవ్వనూ లేదు. "ఏరువాక దాకా చూస్తా. అప్పుటికీ పడకపోతే పడమటి మూలకు పోతా. నన్ను అడ్డుకోవాకు." మేకల్ని అదిలించాడు. వాటిలో రెండు అప్పటికే కంప లేని చోట దూరి, లేత సీతాఫలం కొమ్మను కిందికి వంచుతున్నాయి. చౌడమ్మ రాయి విసిరింది. అవి కొమ్మ వదిలి, నాలుగడుగులు పోయి, ఆమె చూడటం లేదని చూసుకుని మళ్ళీ వచ్చాయి.

బూడిద ఇంకా వెచ్చగా ఉండగానే ఆమె మళ్ళీ పైకెక్కింది. గవి కింద చివరి మలుపులో కంప ఇంకా అలాగే ఉంది. నిటారు చోటు, బాగా పాత కంప, రాళ్ళ సందుల్లో ఇరుక్కుపోయింది. ఏరువాక లోపు అది తీయాలి. మేకలకూ కాపు కాయాలి. అన్న నడుమునున్న అగ్గిపెట్టెకూ కాపు కాయాలి. కింద సువార్త వేపకొమ్మ పారేసి కాసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత ఎవరో పిలిచినట్టు కొంగు నడుముకు బిగించి దోవ ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె వస్తున్నది చౌడమ్మకు సాయానికో, పోట్లాటకో, నాకు తెలియలేదు.

నేను చివరి మలుపు దాకా వెళ్ళి, పోయొస్తానని చెప్పాను. చౌడమ్మ కొమ్మ మొదలు పట్టుకుని, మడమ రాతికి ఆనించి, బలమంతా పెట్టి లాగుతోంది. కంప కదల్లేదు. ఆమె తల తిప్పలేదు.

"పో అప్పా, బస్సు దాటిపోతాది. దిగేటప్పుడు దోవలో ఒగ ముల్లుకొమ్మన్నా కనపడితే బండ మీదికి ఈడ్సిపో. ఊరికే ముట్టుకోవాకు, చేతికి గుడ్డ సుట్టుకో."