మైకు పెదనాన్నగారి పాస్‌వర్డు

కంటబడిన అక్షరాన్ని పైకి చదవకుండా వదిలిపెట్టడం పాపాయి పెదనాన్నగారికి చేతకాని పని. అక్షరమైతే చాలు. అది ఎవరిది, ఎందుకున్నది, తనకు పనికివచ్చేదా కాదా అన్న విచారణ ఆయనకు లేదు. సబ్బు మీది పేరు, మందుసీసా మీది హెచ్చరిక, ఎదురింటి గోడ మీది ‘ఇక్కడ చెత్త వేయరాదు’, ముందు పోతున్న లారీ వెనకాల రాత, అన్నీ ఆయన కంఠం గుండా సాగవలసినవే. ఆ కంఠమైనా సామాన్యమైనది కాదు. బస్‌స్టాండులో వచ్చే బస్సులనూ పోయే బస్సులనూ ఏళ్ల తరబడి ప్రకటించి పదును తేలినది. ఆయన పదవీవిరమణ నాడు ఆఫీసువారు మైకునైతే తీసుకున్నారు గాని గొంతును తీసుకోలేకపోయారని వీధిలో చెప్పుకునేవారు. అందుచేత ఆయనకు మైకుగారన్న పేరు స్థిరపడింది. ఎవరో ఆకతాయి ఆ పేరును తలుపు మీద సుద్దముక్కతో రాసిపోతే, దానినీ ఆయన గట్టిగా చదివి, “దస్తూరీ గుండ్రంగా ఉందే!” అని మెచ్చుకున్నారు.

పాపాయి ఆయన తమ్ముడి కూతురు. చదువు ముగించుకుని, మొదటి ఉద్యోగం చేతబట్టుకుని, ఆ ఇంట్లో ముందుగది తనదిగా చేసుకుని దిగింది. ఉద్యోగమంటే, డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన మాటలు చెవిలో పెట్టుకు విని, టైపు చేసి తిరిగి పంపడం. ఇంట్లో కూర్చుని చేయవచ్చు. కాని సంస్థవారి షరతు కఠినమైనది. రోగి సంగతి పక్కమనిషి చెవిన పడకూడదు. పడితే ఉద్యోగం ఉండదు. “మీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందా?” అని వారడిగినప్పుడు పాపాయి, “పెద్దవాళ్లు ఇద్దరే ఉంటారండీ” అని జవాబిచ్చింది. అది అబద్ధం కాదు. నిజం మొత్తం కూడా కాదు.

లాప్‌టాప్ వచ్చిన రోజు ఆ ఇంట జరిగిన వైభవాన్ని పాపాయి ఇవాళ్టికీ తలుచుకుని నవ్వుకుంటుంది. పెట్టె గుమ్మం దాటకముందే పెదనాన్నగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నాలుగు ముఖాలూ చదివేశారు.

“ఈ వైపు పైకి ఉండవలెను! తడి తగలనీయరాదు! జాగ్రత్తగా దించవలెను! పాపాయ్, వాళ్లు దించమన్నారు. నువ్వు పట్టుకునే నిలబడ్డావేమే?”

“మీరు దారికి అడ్డుగా ఉన్నారు పెదనాన్నా.”

పెట్టె తెరిచేసరికి మూలలో ఒక చిన్న పొట్లం కనబడింది. ఆయన దానిని వెలుతురుకు పట్టి, ఇల్లు మారుమోగేటట్టు ప్రకటించారు. “తినరాదు!”

వంటింట్లోంచి పెద్దమ్మ కేకేసింది. “ఎవరు తింటామన్నారండీ?”

“నేననలేదోయ్. పొట్లం అంటోంది.”

యంత్రం వెలిగింది. ఏ భాష కావాలో ఎంచుకొమ్మని అది లోకంలోని భాషలన్నిటి పేర్లూ వరసగా చూపింది. పాపాయికి కావలసినది ఎక్కడుందో కనబడుతూనే ఉంది. అయినా పెదనాన్నగారు మొదటి భాష నుంచి చివరి భాష దాకా, మధ్యలో దిగేవారెవరైనా ఉన్నారేమో అన్నంత ఓపికగా చదువుకుంటూ వచ్చారు. తరవాత షరతులు వచ్చాయి. కింద ‘అంగీకరిస్తున్నాను’ అని ఉంది. పాపాయి వేలు అక్కడికి పోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

“చదవకుండా ఒప్పుకుంటావుటే?”

“అందరూ అంతే పెదనాన్నా. ఎవరూ చదవరు.”

“రాసినవాడు పాపం ఎంత కష్టపడి రాశాడో! ఒక్కడైనా చదవద్దూ?”

ఆ చదువు మొదలైనప్పుడు పెద్దమ్మ బియ్యం ఏరుతోంది. షరతులు ముగిసేసరికి అన్నాలు తినడం కూడా అయిపోయింది. తరవాత తెర మీద ‘నవీకరణ జరుగుతున్నది, ఆపివేయరాదు’ అని పడగానే ఆయన కుర్చీ తెచ్చుకుని స్విచ్‌బోర్డుకు కాపలా కూర్చున్నారు. మిక్సీ వేయడానికి పెద్దమ్మను కూడా రానివ్వలేదు. శాతం పెరిగినప్పుడల్లా, రావలసిన బస్సు ఊరి పొలిమేరలోకి వచ్చిందన్నట్టు ఇంటిల్లిపాదికీ కబురు అందిస్తూనే ఉన్నారు.

ఇంతవరకూ వేడుకగానే ఉంది. చిక్కంతా పాస్‌వర్డు దగ్గర వచ్చింది.

పాస్‌వర్డు తెర మీద అక్షరాలుగా కాక చుక్కలుగానే పడుతుందని పాపాయి ధీమాగా ఉంది. కాని మీటల మీద అక్షరాలున్నాయన్న సంగతి ఆమె మరిచింది. ఆమె వేలు పడిన మీటనల్లా పెదనాన్నగారు ఆమె భుజం మీదుగా తొంగిచూసి చదువుతూ వచ్చారు. ముందుగది కిటికీ వీధిలోకే తెరిచి ఉంటుంది. మర్నాటికి ఆ పాస్‌వర్డు పాలవాడికి తెలుసు, ఇస్త్రీబండి అతనికి తెలుసు, కూరలమ్మికి తెలుసు. పాపాయి మార్చింది. వాళ్లకు కొత్తదీ తెలిసిపోయింది. ఇలా మార్చి మార్చి చివరికి ఒక పొద్దున ఏది పెట్టిందో ఆమే మరిచిపోయి తల పట్టుకుని కూర్చుంటే, కిటికీ అవతల నుంచి ఇస్త్రీబండి అతను మర్యాదగా దగ్గి, “అమ్మాయిగారూ, నిన్న చివర్లో ఒక తొమ్మిది కలిపారండీ” అని అందించాడు.

“చూశావా, ఎంత మంచివాడో!” అన్నారు పెదనాన్నగారు.

“మంచివాడే పెదనాన్నా. కాని పాస్‌వర్డనేది మంచివాళ్లకు కూడా తెలియకూడదు.”

“అయితే ఇక చదవనులే.”

“ఒట్టు?”

“ఒట్టు... అదేమిటే, ఆ మూల ఎర్రగా? ‘బ్యాటరీ తక్కువగా ఉన్నది’!”

భయపడినంత పనీ ఒకనాడు జరిగింది. సూపర్‌వైజరమ్మ పాపాయి పని ఎలా సాగుతోందో చూడాలని తెర మీదికి వచ్చి మాట్లాడుతోంది. పక్కనే పాపాయి టైపు చేస్తున్న కాగితం తెరిచి ఉంది. పెదనాన్నగారు కాఫీ గ్లాసు అందించడానికి వచ్చారు. వచ్చినవారు ఊరుకోలేకపోయారు.

“రోగి వారం దినములుగా విరేచనములతో బాధపడుచు...”

కిటికీలోంచి కూరలమ్మి జాలిగా అంది. “అయ్యో పాపం! గోరువెచ్చటి నీళ్లు తాగమనండి బాబుగారూ!”

సూపర్‌వైజరమ్మ ముఖం రాయిలా అయిపోయింది. “ఎవరమ్మా ఆ మాట్లాడేది? ఎంతమంది వింటున్నారక్కడ? రోగి పేరు పలకలేదు కాబట్టి ఈసారికి సరే. ఇంకొక్కసారి ఆ గొంతు నాకు వినిపిస్తే మీరు రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు.”

తెర ఆరిపోయాక పాపాయి ఏడవలేదు, కోప్పడనూ లేదు. “వేరే గది చూసుకుంటాను పెదనాన్నా” అని మాత్రం అంది. ఆ మాట ఆయనకు దెబ్బలా తగిలింది.

“వద్దమ్మా, వద్దు. నీ ఉద్యోగం నా నోటివల్ల పోతే మీ నాన్నకు నా ముఖం ఎలా చూపించను? ఇక నా నోట అక్షరం వినబడితే అడుగు.”

ఈసారి నిజంగానే ఊరుకున్నారు. ఎదురింటి గోడ కేసి చూసి పెదవులు బిగించుకునేవారు. పత్రిక వస్తే మడత విప్పి, మళ్లీ మడిచి పక్కన పెట్టేవారు. తినరాని పొట్లాలు వచ్చినా ఎవరినీ హెచ్చరించలేదు. మైకుగారికి ఒంట్లో బాగాలేదా అని వీధివాళ్లు వచ్చి అడిగి పోయారు. ఆ నిశ్శబ్దంలో పాపాయి పని ముమ్మరంగా సాగింది. సూపర్‌వైజరమ్మ కూడా మెచ్చుకుంది. అయినా ఆ ఇల్లు గడియారం ఆగిపోయిన గదిలా ఉన్నదని ఆమెకు తోచింది.

ఆ నిశ్శబ్దంలోనే పెద్దమ్మ తప్పులు చేయడం మొదలుపెట్టింది. చాకులా మసిలే మనిషి! బట్టల సబ్బుతో గిన్నెలు తోమింది. ఎవరిదో పెళ్లి శుభలేఖ వస్తే కరెంటు బిల్లుల మధ్య దాచింది. ఒక సాయంత్రం తలనొప్పిగా ఉందంటూ అలమరలోంచి డబ్బా తీసి, నుదుటికి ఒత్తుగా పట్టించుకుని పడుకుంది. పాపాయి దీపం వేసి చూసేసరికి నుదురంతా నల్లగా నిగనిగలాడుతోంది.

“పెద్దమ్మా! అది బూట్ల పాలిషు!”

“అవునా? అందుకేనా చల్లగా లేదు?” అని పెద్దమ్మ నవ్వబోయి, మానేసి, కొంగుతో నుదురు తుడుచుకుంటూ తలుపు కేసి చూసింది. పెదనాన్నగారు పెరట్లో ఉన్నారు.

“కనబడదే పాపాయ్” అంది మెల్లగా. “నడవడానికీ పని చేసుకోవడానికీ లోటులేదు. సరిగ్గా చూపు నిలిపిన చోటే మసకగా అలుక్కుపోతుంది. అక్షరమనేది ఆనదు. అద్దాలు మార్చినా ఇంతేనన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పద్దని మీ పెదనాన్న చేత మాట తీసుకున్నాను. జాలి చూపులు నాకు పడవు.”

పాపాయికి ఏదో తట్టింది. “మరి పెదనాన్న పైకి చదవడం... బస్‌స్టాండు అలవాటు కాదా?”

“అలవాటా! ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంటికొస్తే నోరు విప్పేవారు కాదే. రోజంతా అరిచి వచ్చారు గదా అని నేనే సైగలతో వడ్డించేదాన్ని. ఆ డాక్టరు దగ్గర నుంచి తిరిగి వస్తుంటే, రిక్షాలో, దారి పొడుగునా ఉన్న బోర్డులన్నీ చదవడం మొదలుపెట్టారు. ‘చెప్పుల దుకాణము! పళ్లు కట్టబడును!’ అంటూ. అప్పట్నుంచీ అంతే. ఊరంతా వెర్రివాడనుకుంది. అనుకోనిచ్చారు.”

“మీకోసమేనని ఆయన చెప్పలేదా?”

“చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు తెలుసని తెలిస్తే ఆయనకు మొహమాటం పుడుతుంది. అందుకే రోజూ ఓ నాలుగు తిట్లు తిడుతుంటాను.”

పాపాయి మర్నాడే వెనకవైపు సామాన్ల గది ఖాళీ చేయించి, బల్ల అక్కడికి మార్చుకుంది. ఆ గదికి తలుపూ గడియా ఉన్నాయి, కిటికీ లేదు. ఎవరెంత చదివినా లోపలికి వినబడదని తలుపు వేసి చూపింది కూడా. “ఇక మీ ఇష్టం పెదనాన్నా, చదువుకోండి” అంది. ఆయన చేతులు కట్టుకుని తల అడ్డంగా ఊపారు. “నన్ను శోధించకే. నీ ఉద్యోగం నిలవాలి.”

బతిమాలితే వినే మనిషి కాదు. పాపాయి వేరే దారి తొక్కింది. ఆ లాప్‌టాప్‌కు తెర మీది మాటలు పైకి చదివి వినిపించే విద్య ఒకటుంది. సాయంత్రం పని ముగిశాక రోగుల కాగితాలన్నీ మూసేసి, యంత్రాన్ని తెచ్చి ముందుగదిలో పెట్టి, ఆ విద్యను మేలుకొలిపింది. ఆనాటి వార్తలను అది ఒక ఆడగొంతుతో అందుకుంది. ఎక్కడా ఆగకుండా, ఒక మాటలోకి ఇంకో మాటను దూర్చి, చావు కబురునూ చందనోత్సవాన్నీ ఒకే రాగంలో చదువుకుపోతోంది.

పెదనాన్నగారు మొదట చెవులు మూసుకున్నారు. తరవాత కుర్చీలో ఇటు తిరిగారు, అటు తిరిగారు. ‘వానలు కురియునని’ అన్నదానిని అది రెండుగా విరిచి పలికేసరికి ఇక లేచి నిలబడ్డారు.

“అక్కడ ఆగకూడదమ్మా! ఊపిరి తీసుకోవలసింది ఆ తరవాత! ప్రయాణికుడు అర్థం చేసుకోవద్దూ? తప్పుకో, ఇలా తే!” అంటూ యంత్రాన్ని తన వైపు తిప్పుకుని ఆ వార్త మొదటి నుంచీ చదివారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆ వార్త అయ్యాక ఇంకొకటి, అది అయ్యాక దాని పక్కనున్న ప్రకటన. గొంతు కట్టు తెంచుకుంది.

అంతలో తెర దానంతట అది ఆరిపోయి పాస్‌వర్డు అడిగింది. పాపాయి వేలు మీట మీద పడింది. పెదనాన్నగారి నోరు తెరుచుకుంది. ఆయనకంటే ముందు యంత్రం పలికింది. “చుక్క.”

రెండో మీట. “చుక్క.”

ఆయన తెల్లబోయి చూశారు. “అదేమిటే? మీట మీద అక్షరం ఉందిగా! చుక్క అంటుందేం?”

“దానికి అక్షరం తెలుసు పెదనాన్నా. పైకి అనదు. ఇంకొకళ్ల రహస్యం కదా.”

ఆయన ఆ యంత్రాన్ని తోటి ఉద్యోగిని చూసినట్టు చాలాసేపు చూశారు. “చదవడం రాకపోయినా మర్యాద తెలిసినదే” అని ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి పాపాయి పాస్‌వర్డు కొట్టేటప్పుడల్లా ఆయన కూడా వెనక నిలబడి గంభీరంగా, “చుక్క... చుక్క... చుక్క...” అని ప్రకటించేవారు. పాపాయి ఆ పాస్‌వర్డును మళ్లీ మార్చవలసిన అవసరం రాలేదు. సామాన్ల గది తలుపు వెనక ఆమె ఉద్యోగమూ నిలిచింది.

కాని ఆ మొదటి సాయంత్రమే ఆయన ఉన్నట్టుండి అడిగారు. “అవునే పాపాయ్, కళ్లు చక్కగా ఉన్నదానివి, నీకెందుకీ చదివే విద్య? ఎవరికోసం పెట్టావు?”

పాపాయి గతుక్కుమంది. వంటింటి గుమ్మంలో పెద్దమ్మ కొంగు కొస పట్టుకుని నిలబడి ఉంది. ఆయన అటు ఒకసారి, ఇటు ఒకసారి చూశారు. జవాబు కోసం ఆగలేదు.

“ఓహో, నాకోసమా! కనిపెట్టావన్నమాట. నిజమేలే, ఈ మధ్య నాకు అక్షరాలు సరిగా ఆనడం లేదు. నేను బయటికి వెళ్లినప్పుడు కూడా దాన్ని అలా చదవనివ్వు. అలవాటు పడాలిగా!”

“మీరు బయటికి వెళ్తే మీకెలా వినబడుతుందండీ?” అంది పెద్దమ్మ.

ఆయన ఒక్క క్షణం తడబడి, “గట్టిగా పెట్టండి, వినబడుతుంది” అన్నారు.

“మీదంతా చోద్యం!” అని కసిరి, పెద్దమ్మ గిరుక్కున వంటింట్లోకి తిరిగింది. ఆమె ఎంత చక్కగా నవ్వుతున్నదో పాపాయి ఒక్కతే చూసింది.