పదిహేను నిమిషాలు కదలకపోతే

నోయిడాలో మా కంపెనీ అమ్మే సరుకు నిఘా. అంత మొరటుగా ఎవరూ అనేవారు కాదు, అప్లికేషన్ మానిటరింగ్ అనేవారు. ఏదైనా సంస్థ వెబ్‌సైటులోకి ఎవరొచ్చారు, ఏ పేజీ చూశారు, ఎంతసేపు ఉన్నారు అన్నది మా సాఫ్ట్‌వేర్ చెప్పేది. మనిషి వచ్చింది దానికి తెలుస్తుంది గానీ వెళ్లింది తెలియదు. వెళ్లేవాడు చెప్పి వెళ్లడు కదా. అందుకని కొంతసేపు కదలిక లేకపోతే వెళ్లిపోయాడని అనుకుని, అతని సెషన్ మూసేస్తాం. ఆ మూసే భాగం రాసింది నేనే. మామూలుగా అరగంట గడువు పెడతారు. అది వట్టి ఊహ. దాన్ని దైవవాక్కుగా తీసుకున్న మనిషి మా మేనేజరొక్కడే.

ఆయన తెలుగువాడే. నలుగురిలో ఉన్నంతసేపూ ఇంగ్లీషే మాట్లాడేవాడు, చెడు కబురు చెప్పడానికి మాత్రం తెలుగు బయటికి తీసేవాడు. మన సరుకును మన మీదే వాడదాం అన్న గొప్ప ఆలోచన ఆయనదే. మేమంతా రోజూ పనులు నమోదు చేసుకునే ఆఫీసు సైటుకు దాన్ని తగిలించమన్నాడు. అరగంట మరీ ఎక్కువ, పదిహేను నిమిషాలు చాలన్నాడు. నేనే మార్చాను. ఒక్క అంకె, భోజనం వేళకు ముందే అయిపోయింది. అప్పుడు నోరెత్తలేదు.

అప్పటికి మా పాపకు ఏడు నెలలు. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో మా కింది అంతస్తులో ఒక ఆంటీ నడిపే క్రెష్‌లో వదిలి వచ్చేదాన్ని. ఆరున్నరకు ఆమె తాళం వేసేస్తుంది. ఆఫీసు క్యాబ్ ఐదున్నరది అందితేనే పాప నా చేతికొచ్చేది. రోజుకు రెండుసార్లు ఆఫీసులో యూపీఎస్ బ్యాటరీలు పెట్టే గదిలో గడియ వేసుకుని పాలు సీసాలోకి తీసుకునేదాన్ని. బయట అడుగుల చప్పుడైతే చాలు, పాలు ఆగిపోయేవి. పదిహేను నిమిషాల్లో అయ్యే పని కాదు. పైగా నేను కోడ్‌ను కాగితం మీద ప్రింటు తీసుకుని పెన్సిలుతో చదివే రకం. నెలనెలా మెయిల్లో వచ్చే రిపోర్టులో ఆ గంటలన్నీ సున్నా.

నెలాఖరున మేనేజరు పిలిచాడు.

"కూర్చోమ్మా."

తెలుగు వినగానే చెడు కబురేనని అర్థమైంది.

"రిపోర్టు చూశావా? రోజులో సగం పూట కూడా లేవు నువ్వు."

"ఉన్నానండీ. కాగితం మీద చదివేది లెక్కలోకి రాదు. ఆ గడువు సంగతి నాకు తెలుసు, రాసింది నేనే."

"నువ్వు రాసిందే నీ గురించి చెబుతోంది. నేను చెప్పట్లేదు." తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. "చిన్నపిల్లతో ఇబ్బంది నాకు తెలీదా? మా ఆవిడా ఇద్దర్ని పెంచింది. వచ్చే నెల గడిచాక క్లయింట్ల ఫోన్లు తీసే సపోర్టులో వేస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి పదకొండు. పొద్దున్నంతా పాపతోనే ఉండొచ్చు."

మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. పార్లమెంటు నడిచే రోజుల్లో ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. క్రెష్ మూశాక పాపను చూసేవాళ్లు లేరు. ఆ షిఫ్టుకు ఒప్పుకోవడమంటే ఉద్యోగం మానేయడమే. అది తెలిసే, మేలు చేస్తున్నట్టు ముఖం పెట్టాడు.

రిపోర్టులో అందరికంటే పైన ఉన్నది నా పక్క సీటు అబ్బాయి, హైదరాబాదువాడు. రోజులో ఎక్కువ భాగం గేటు బయట చాయ్ బండి దగ్గరే ఉండేవాడు. ఎలాగని అడిగాను.

"అరె అక్కా, గింత అమాయకమా! మన సైటుల పనుల లెక్కలు చూపే డ్యాష్‌బోర్డ్ పేజీ తెరిచి పెట్టు. నిమిషానికోసారి దానంతట అదే రిఫ్రెష్ అయితది. నేను చాయ్ కాడున్నా అది నా డ్యూటీ చేస్తనే ఉంటది."

"అందరూ ఇంతేనా?"

"సార్ కూడా గంతే. పొద్దుగాల తెరుస్తడు, సాయంత్రం దాకా గదే పేజీ. నీకొక్కదానికే తెల్వదా?"

నాకొక్కదానికే తెలియదు. రాసింది నేను. పేజీ తనంతట తాను పంపే పిలుపునూ మనిషి నొక్కిన నొక్కునూ ఒకే గాటన కట్టిన తెలివి నాది. రెండు రోజులు నేనూ ఆ పేజీ తెరిచి పెట్టాను. గదిలో సీసా పట్టుకుని కూర్చుంటే, అక్కడ నా బదులు ఒక పేజీ కొలువు చేస్తోందన్న ఊహకే రోత పుట్టింది. మూడో రోజు మూసేశాను.

అంతలో ఒక క్లయింటు దగ్గర నుంచి ఫిర్యాదు వచ్చింది. శుక్రవారం ఇళ్లకు పోయిన ఉద్యోగులు సోమవారం దాకా సైటులోనే ఉన్నట్టు మా లెక్క చూపిస్తోందట. వెంటనే సరిచేయమని మేనేజరు అందరి ముందూ ఇంగ్లీషులో ఆజ్ఞాపించాడు. సరిచేశాను. పేజీ తనంతట తాను పంపే పిలుపులు ఇక సెషన్‌ను పొడిగించవు. మనిషి చేయి కదిలితేనే లెక్క. చదవకుండానే సరేనన్నాడు. మా దగ్గర ఏ కొత్త వెర్షనైనా ముందు మా ఆఫీసు సైటు మీదే నడపడం ఆనవాయితీ. దాని ప్రకారమే పెట్టాను.

మరుసటి నెల రిపోర్టు ఎప్పటిలాగే అందరికీ దానంతట అదే మెయిల్లో వెళ్లింది, ఆయన పై అధికారితో సహా. చాయ్ బండి అబ్బాయి అట్టడుగుకు పోయాడు. వాడికంటే కింద ఒక్క పేరే ఉంది, మేనేజరుది.

"ఏం చేశావమ్మా?" అన్నాడు మేనేజరు.

"క్లయింటు అడిగిందేనండీ. మీరే సరేనన్నారు."

"నేను మీటింగుల్లో ఉంటాను. ఫోన్లో ఉంటాను. ఆలోచిస్తుంటాను. అవన్నీ దీనికెలా తెలుస్తాయి?"

"తెలియవండీ."

తన మాట తనకు వినపడుతుందేమోనని చూశాను. వినపడలేదు. అలాంటివాళ్లకు వినపడదు.

"నమ్మదగిన డేటా కాదిది. మన సైటు మీద ఆపేయ్."

"నా షిఫ్టు సంగతి?"

"ఏ షిఫ్టు?"

నిజంగానే మర్చిపోయినట్టున్నాడు. నెల రోజులుగా నాకు నిద్ర లేకుండా చేసింది ఆయనకు గుర్తుంచుకోదగిన విషయం కూడా కాదు.

"సపోర్టు షిఫ్టుల రోస్టరులో నా పేరు ఉందండీ. తీసేయండి."

కుర్చీ పక్కనే నిలబడ్డాను. ఒక ఫైలు తెరిచాడు, అది కాదు. ఇంకోటి తెరిచాడు, అదీ కాదు. చివరికి నేనే వేలు పెట్టి చూపించాను. పేరు చెరిపి, ఫైలు మూయబోయాడు.

"సేవ్ చేయండి" అన్నాను.