నేను చెరిపేసిన క్యాసెట్

ఎవరైనా దయ్యం మాట ఎత్తితే వాళ్ల నోరు మూయించేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. ఇప్పటికీ నమ్మను. కానీ తొంభైల్లో కొత్తకోటలోని మా ఇంట్లో జరిగినదాన్ని ఏమనాలో తెలియక ఇది రాస్తున్నాను.

నాయిన మస్కట్‌లో తాపీ పని చేసేవాడు. ఆయన తల్లికి, అంటే మా అవ్వకు, చదువు రాదు. అందుకని ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్లతో పంపేవాడు. మేం దాని మీదే జవాబు రికార్డు చేసి తిప్పి పంపేవాళ్లం. అందుకే ఆయన అక్కడే గుండె ఆగి పోయాక మాకు ఒక్క క్యాసెట్టే మిగిలింది. అవ్వ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక అది పెట్టుకుని వినేది. అందులో నాయిన అందరినీ పేరుపేరునా అడిగాడు, నన్ను తప్ప.

అప్పటికి నేను షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాను. గదిలో నాతో ఉండే స్నేహితుడి దగ్గర ఒక విదేశీ ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్ లైవ్ ఆల్బం ఉండేది. వేలమంది ముందు వాయిస్తూ రికార్డు చేసింది. పాట మొదలవకముందే జనం కేకలు! ఆ పిచ్చి నాకూ పట్టింది. ఒక ఆదివారం దాన్ని ఇంటికి తెచ్చి, నాయిన కొన్న రెండు క్యాసెట్ల టేప్‌రికార్డర్‌లో కాపీ చేసుకున్నాను, చేతికి దొరికిన పేరు రాయని క్యాసెట్ మీద. అది నాయినదని తెలిసేసరికి రెండు వైపులా నిండిపోయింది.

నా చేతులు విరిగిపోతే బాగుండుననిపించింది. చెప్పే ధైర్యం లేదు. అవ్వ మామూలుగానే వచ్చి బటన్ నొక్కింది. గిటార్లు, డ్రమ్ములు, జనం అరుపులు. తిట్లకు సిద్ధపడి తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఆఁ బిడ్డా, తిన్న," అంది అవ్వ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

అవ్వ చెవులకు ఏ లోపమూ లేదు. అలవాటు కొద్దీ అంటోందేమో అనుకున్నాను. అంతలో నా వైపు తిరిగింది.

"గట్ల దూరం నిలవడ్డవేందిరా? నాయిన నిన్నే పిలుస్తుండు. బస్సు కిటికీలకెల్లి పిలిస్తే ఎన్కకు చూడకుంట పోయినవంట గదా? గది మనసుల వెట్టుకోలేదంటుండు. జర పలుకు."

చివరిసారి నాయినను బస్సెక్కించింది నేనొక్కణ్ణే. చదువు మాన్పించాడన్న కోపంతో, ఆయన పిలుస్తున్నా వినిపించనట్టు వచ్చేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునే పనా అది? వచ్చిన ప్రతి క్యాసెట్ అందరం కలిసే విన్నాం. ఒక్కదానిలోనూ ఆ మాట లేదు.

వెళ్లి అవ్వ పక్కన కూర్చున్నాను. పాట అయిపోయి జనం అరుస్తున్నారు. "నాయినా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఇన్నడు," అంది అవ్వ.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమెకు ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. రీలు తెగిపోయేదాకా ఆ క్యాసెట్ నేనూ ఎన్నోసార్లు విన్నాను. నాయిన నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు.