పడమటి గేటు

ఆరేళ్ళుగా ఈ మాట నాలోనే ఉంది. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. నాతో పాతికేళ్ళు పనిచేసిన స్నేహితురాలికీ చెప్పలేదు. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు. పెద్ద నేరమేమీ కాదు, పోలీసులు వచ్చే పని కాదు అని ఎన్నోసార్లు అనుకున్నాను. అలా అనుకున్న ప్రతిసారీ, మరి ఎందుకు చెప్పలేకపోతున్నావు అని నన్ను నేనే అడిగాను.

నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మాది ఆలూరు పక్క పల్లె. కర్నూలు శివారులో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. వీధి చివరి ఇల్లు మాది. ఇంటికి ఎదురుగా, తూర్పున, పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలం. కంపచెట్లు, రాళ్ళు తప్ప అందులో ఏమీ ఉండేది కాదు. మా ఇంటి వెనకాల రేకుల షెడ్లు. కాలనీలో ఇళ్ళు కట్టడానికి కోసిగి వైపు నుంచి వచ్చిన కూలీలు వాటిలో ఉండేవారు. వాళ్ళ పిల్లలు మా ఇంటి ముందునుంచి ఆ స్థలంలోకి దిగి, అడ్డంగా నడిచి, అవతలనున్న బడికి పోయేవారు. ఐదు నిమిషాల నడక. చుట్టూ తిరిగి పోవాలంటే టిప్పర్లు తిరిగే పెద్ద రోడ్డు మీద నడవాలి.

పార్కు ఎలా ఉండాలో జనాన్ని అడిగి, రాసి, సంతకాలతో పంపమని మున్సిపల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఒక ఆదివారం పొద్దున ఆ స్థలంలోనే షామియానా వేసి సభ పెట్టారు. చేతిరాత బాగుంటుందని రాసే పని నాకు అప్పగించారు. చుట్టూ గోడ, నడక దారి, నాపరాయి బెంచీలు, ఊయలలు, పూలమొక్కలు. తలా ఒకటి అడిగారు. షెడ్ల వాళ్ళు వెనకాల నిలబడ్డారు. వాళ్ళలోంచి ఈరమ్మ ముందుకొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇసుక, ఇటుక మోసే పని. మేస్త్రీతోనైనా ఎదురు నిలిచి మాట్లాడగలిగేది ఆమె ఒక్కతే కాబట్టి వాళ్ళే ఆమెను ముందుకు తోశారు.

"గోడ కట్టండప్పా, వద్దనము. పడమటి పక్క ఒక గేటు పెట్టండి. మా పిల్లోళ్ళు బడికి పోయే దారి అది" అంది.

ఎవరూ కాదనలేదు. అవుననీ అనలేదు. ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు నా వైపు తిరిగి, "రాసుకోండమ్మా" అన్నాడు. చిత్తు కాగితంలో రాసుకున్నాను.

మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని మంచి కాగితం మీదికి ఎత్తి రాస్తున్నప్పుడు ఆ మాట దగ్గర కలం ఆగింది. కిటికీలోంచి చూశాను. పడమటి గేటు అంటే సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా. పొద్దునా సాయంత్రం ఆ పిల్లలు, ఆ తల్లులు, ఆ కేకలు. ఇప్పుడు మాత్రం నడవడం లేదా? నడుస్తున్నారు. కానీ గోడ వస్తే అది ఆగిపోతుందని, సభలో కూర్చున్నప్పుడే లోపల ఎక్కడో సంతోషపడ్డాను. ఇంకొకటి కూడా ఉంది. ఈరమ్మ వీధిలో నన్ను చూసినప్పుడల్లా, "మా పక్కదానివే గదా నువ్వు!" అని గట్టిగా పలకరించేది. నా నోట్లోంచి ఆలూరు, కోసిగి పక్కల ఆ యాస పోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు. ఇరుగుపొరుగు విన్నారేమోనని ముడుచుకుపోయి, నవ్వీ నవ్వనట్టు నవ్వి, గబగబా లోపలికి వచ్చేసేదాన్ని. గేటు వద్దనుకున్నానా, ఆ పలకరింపు వద్దనుకున్నానా? ఇప్పటికీ తేలలేదు. ఒకటి మాత్రం నిజం. వదిలెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే ఆ మాట దాటేసి, తరువాతది రాశాను. చివర "అందరి అంగీకారంతో" అని ముగించాను.

మర్నాడు సంతకాలకు తిరిగాను. షెడ్ల తరఫున ఈరమ్మే పెట్టాలన్నారు. నేను వెళ్ళేసరికి రొట్టె తడుతోంది. చేతి పిండి కొంగుకు తుడుచుకుని వచ్చింది. ఆమెకు తన పేరు రాయడం వచ్చు. చదవడం రాదు.

"నేను చెప్పిండేది రాసినావా టీచరమ్మా?"

"రాసినా."

"యాడుండాది? చూపీ."

నేను కాగితం మీద వేలు పెట్టాను. "ఈడ."

గోడ వెంట గన్నేరు మొక్కలు నాటాలని ఉన్న వరుస అది. ఆమె వంగి చూసింది. తొందరపడకుండా, ఆ వరుస ఈ చివర నుంచి ఆ చివరి వరకు చూసింది.

"శానా బాగా రాసినావు" అంది.

కలం తీసుకుని, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి, పేరు రాసింది.

రాయకపోవడాన్ని మరుపు అని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. వేలు పెట్టి చూపించడాన్ని ఏమని చెప్పుకోను?

ఏడాది తిరక్కముందే గోడ లేచింది. తూర్పున ఒక్కటే గేటు. ఈరమ్మ ఒక పూట పని మానుకుని ఆఫీసుకు పోయింది. వాళ్ళు కాగితం తీసి చదివి, గేటు సంగతి ఇందులో లేదు, కింద నీ సంతకం ఉంది అన్నారట. అక్కడినుంచి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"మార్చినారు టీచరమ్మా. నువ్వు వేలు పెట్టి చూపిస్తివి గదా, అది తీసేసినారు" అంది.

అప్పుడైనా చెప్పవలసింది. "ఏం చేస్తాము ఈరమ్మా" అన్నాను. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి పోయింది.

షెడ్లలో ఆమెను ఎవరూ నమ్మలేదు. పెద్దింటోళ్ళు చెప్పినట్టు తలూపి సంతకం పెట్టిందని సొంత మరిదే అన్నాడట. ఆ తరువాత ఆమె ఎవరి తరఫునా నోరు తెరవలేదు. మేస్త్రీ అరిస్తే తల వంచుకుని తట్ట ఎత్తుకునేది. నేను మేడ మీదినుంచి చూశాను. ఆమె కూతురు లక్ష్మి అప్పుడు ఐదో తరగతి. కొన్నాళ్ళు పెద్ద రోడ్డు వెంట బడికి పోయింది. ఒకరోజు టిప్పరు పక్కనుంచి దూసుకుపోతే బెదిరి కాలువలో పడింది. మోచేయి విరిగింది. చెయ్యి బాగైంది గానీ బడికి మళ్ళీ పంపలేదు. తల్లి వెంట పనికి పోవడం మొదలుపెట్టింది. ఎందరి పిల్లల్నో బడి మానొద్దని ఇళ్ళకు వెళ్ళి బతిమాలి తెచ్చినదాన్ని నేను. లక్ష్మి నెత్తిన ఇటుకలతో మా గుమ్మం ముందునుంచి పోతుంటే లోపలికి వచ్చి ఏదో ఒక పని వెతుక్కునేదాన్ని.

మరుసటి ఏడు ఆ కుటుంబం మిరప కోతలకు గుంటూరు వైపు పోయింది. మళ్ళీ రాలేదు. వాళ్ళ షెడ్డులో వేరేవాళ్ళు దిగారు. ఈరమ్మ సొంతూళ్ళో ఉందో, బెంగళూరులో ఉందో తెలియదు. కోసిగి వెళ్ళి వాకబు చేయొచ్చు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఊళ్ళో ఉంటాను. ఒక్కసారీ ఎక్కలేదు. దొరుకుతుందేమోనని భయం.

పోయిన నెల, పార్కులో ఇంకా ఏం కావాలో చెప్పమని మళ్ళీ సభ పెట్టారు. నేను లేచి, పడమటి వైపు ఒక గేటు కావాలి, షెడ్ల పిల్లలు చుట్టూ తిరిగి పోతున్నారు అన్నాను. కొత్తగా వచ్చిన ఇంజనీరు చిన్న వయసు అమ్మాయి. ఫైలు తెరిచి పాత కాగితం మొత్తం చదివింది. తలెత్తి నన్నే అడిగింది.

"అప్పుడు ఎవరూ గేటు అడగలేదా మేడం?"

అందరూ నా వైపు చూశారు. వాళ్ళలో సగం మంది ఆ రోజు షామియానా కింద ఉన్నవాళ్ళే. మరిచిపోయారో, మరిచిపోయినట్టు ఉన్నారో. "గుర్తు లేదమ్మా" అని కూర్చున్నాను.

గేటు పెడతారట. లక్ష్మికి బడి వయసు దాటిపోయింది. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఆ ఇంజనీరు అమ్మాయి అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి కొంచెం తేలికగానే ఉంది.

అడిగారు. ఈరమ్మ అడిగింది. అందరూ వింటుండగా అడిగింది. నేను రాయలేదు. రాశానని చెప్పి ఆమె చేత సంతకం పెట్టించుకున్నాను.